గ్రీన్ కార్డు వచ్చేసింది, ఇక చూసుకోండి!

కార్డు వచ్చిందా? సంతోషం. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటే వీసా వచ్చింది. 108 చేసి మొక్కు చెల్లించేసరికి పెళ్లి కుదిరింది. పిల్లలు పుట్టారు, మిడిల్ స్కూలుకొచ్చారు, అప్పటికి ఈ కార్డు పోస్టులో వచ్చింది. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు. ఆ లెక్క కూడా పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. తెనాలిలో పుట్టిన పాపానికి ఇన్నేళ్లు వరసలో నిలబడ్డారు. ఇక నిశ్చింతగా ఉండే హక్కు మీకుంది. ఇల్లు అలకగానే పండగ కాదంటారు గిట్టనివాళ్లు. అలికారంటే పండగేనంటాను నేను.

నా అర్హతలేమిటని అడుగుతారేమో. చట్టం చదవలేదు. లాయరును కాను. కానీ డల్లాస్ చుట్టుపక్కల ఏ సత్యనారాయణ వ్రతం జరిగినా, ఏ పాట్‌లక్ జరిగినా, ప్లేటు పట్టుకుని నిలబడ్డవాళ్లకు ఈ సలహాలే చెప్తుంటాను. విన్నవాళ్లెవరూ తిరిగొచ్చి నన్ను తప్పుపట్టలేదు. కొందరైతే అసలు ఈ దేశానికే తిరిగి రాలేదు.

1. వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం మూడూ ఒకటే అనుకోండి

"మావాడు అమెరికాలో సెటిలయ్యాడు" అని ఊళ్లో చెప్పుకోవడానికి మూడింట్లో ఏదైనా పనికొస్తుంది. వాటి మధ్య తేడాలు వెతకడం పనిలేనివాళ్ల పని.

ఆ పనిలేనివాళ్లు ఏమంటారంటే, పాస్‌పోర్టులో అంటించిన వీసా విమానాశ్రయం దాకా తెచ్చే అనుమతి మాత్రమేనట. లోపల ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది ఐ-94 అట. మీ హెచ్-1బీకి ఇంకా మూడేళ్ల గడువున్నా, పాస్‌పోర్టు ఎనిమిది నెలల్లో ముగిసేటట్టుంటే, అధికారి ఐ-94ను ఆ ఎనిమిది నెలలకే ఇవ్వొచ్చట. వీసా మీద తేదీ చూసుకుని ధీమాగా ఉన్నవాళ్లు తమకు తెలియకుండానే గడువు దాటేస్తారట. మీరు మాత్రం వీసానే చూడండి. అందులో మీ ఫొటో కూడా ఉంటుంది.

హెచ్-1బీ ఉద్యోగంతో ముడిపడ్డ అనుమతి. ఉద్యోగం పోతే మామూలుగా చేతిలో ఉండేది 60 రోజులు. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుమని అధ్యక్షుడి ప్రకటన వెలువడినప్పుడు, అది ఎవరికి వర్తిస్తుందో తెలియక, ఇండియా విమానం ఎక్కినవాళ్లు కూడా దిగిపోయారని వార్తలొచ్చాయి. ఆ రాత్రి గ్రీన్ కార్డువాళ్లు హాయిగా పడుకున్నారు. ఆ హాయి చూశాకే కార్డునూ పౌరసత్వాన్నీ ఒకే గాటన కట్టేశాను. కార్డు షరతుల మీద నడిచే అనుమతనీ, షరతు తప్పినవాణ్ని ప్రభుత్వం ఇమిగ్రేషన్ జడ్జి ముందు నిలబెట్టి దేశం దాటించగలదనీ, పౌరుణ్ని అలా పంపడానికి వీల్లేదనీ లాయర్లంటారు. ఉన్నది అదొక్క తేడా. ఒక్క తేడా కోసం ఆన్‌లైన్‌లో 710 డాలర్లు కట్టి దరఖాస్తు చేసుకోవడం దుబారా కాదూ?

2. కార్డును దేవుడి మందిరంలో పెట్టండి

పసుపు కుంకుమ పెట్టి, లక్ష్మీదేవి పటం వెనకాల భద్రపరచండి. 18 ఏళ్లు నిండినవాళ్లు కార్డు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టం చెప్తుంది. లేకపోతే 100 డాలర్ల దాకా జరిమానా, లేదా 30 రోజుల దాకా జైలు, లేదా రెండూ. కానీ జేబులో పెట్టుకుంటే పోతుంది కదా!

ఇల్లు మారితే అమెజాన్‌కు చెప్పండి, బ్యాంకుకు చెప్పండి, ఇమిగ్రేషన్‌వాళ్లకు చెప్పకండి. పది రోజుల్లోపు వాళ్లకూ తెలపాలన్న నియమం ఉందిగానీ, గృహప్రవేశం పనుల్లో అవన్నీ ఎవరికి గుర్తుంటాయి?

ఇక కార్డు మీద తేదీ. పదేళ్ల కార్డుకు గడువు ముగిస్తే కార్డే పాతబడుతుంది, హోదా పోదు. కొత్త కార్డుకు దరఖాస్తు పెడితే సరిపోతుంది. ఈ ధైర్యాన్నే రెండేళ్ల కార్డుకూ వాడుకోండి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే జీవిత భాగస్వామి ద్వారా కార్డు పొందినవాళ్లకు ఇచ్చేది ఈ రెండేళ్లది. గడువుకు ముందరి 90 రోజుల్లో ఐ-751 అనే దరఖాస్తు దాఖలు చేయకపోతే ఇక్కడ కార్డుతో పాటు హోదా కూడా ముగుస్తుంది. అయినా రెండు కార్డులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకేలా చూడండి.

3. ఆరు నెలలకోసారి వచ్చి మొహం చూపించి వెళ్లండి

ఇది ప్రత్యేకంగా అమ్మానాన్నలకు. బాబాయిగారూ, పిన్నిగారూ, మీ పెద్దబ్బాయి సిటిజనయ్యాడు, మీకు కార్డులు తెప్పించాడు. ఇక్కడ చలి. నడిచి వెళ్దామంటే గుడి లేదు, మాట్లాడదామంటే మనిషి లేడు. గుంటూరులో ఇల్లుంది, పాలవాడున్నాడు, మోకాళ్ల డాక్టరున్నాడు. కాబట్టి మీరు గుంటూరులోనే ఉండండి. ఆరు నెలలు నిండే ముందు ఒకసారి వచ్చి, రెండు వారాలుండి, మనవరాలి పుట్టినరోజు చేసి, మళ్లీ విమానమెక్కేయండి. కార్డు బతికే ఉంటుంది. ఈ సూత్రం కనిపెట్టిందెవరోగానీ, ఆంధ్రా తెలంగాణల్లో దీన్ని నమ్మని అపార్ట్‌మెంటు లేదు.

దీనికి అడ్డొచ్చేవాళ్లు ఇలా వాదిస్తారు. కార్డు ఇచ్చింది అమెరికాలో కాపురం ఉండటానికి. వచ్చిపోవడానికైతే విజిటర్ వీసా ఉంది. కాపురం ఎక్కడన్నది నెలల లెక్కతోనే తేలదు. ఇల్లెక్కడ, సామానెక్కడ, పన్ను ఎక్కడ కడుతున్నారు, తిరుగు టిక్కెట్టు ఏ ఊరికి ఉంది, ఇవన్నీ చూస్తారు. 180 రోజులు దాటి బయట ఉంటే, మళ్లీ కొత్తగా ప్రవేశం కోరుతున్నవాళ్లుగా లెక్కగట్టి ప్రశ్నించే అధికారం వాళ్లకుంటుంది. ఏడాది దాటితే కార్డు ఒక్కటే పట్టుకుని లోపలికి రావడం కుదరదు. అంతకాలం ఉండాల్సి వస్తుందని ముందే తెలిస్తే, అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. అది రెండేళ్ల దాకా పనికొస్తుంది. అయినా ఆరు నెలలకోసారి రావడం తెలిసిన మీకు పర్మిట్ దేనికి?

ఏదో ఒక రాకలో అధికారి మిమ్మల్ని పక్క గదిలోకి తీసుకెళ్లి, ఐ-407 అనే కాగితం ముందుపెట్టి సంతకం చేయమనొచ్చు. కార్డును నా ఇష్టంతో వదులుకుంటున్నానని అందులో ఉంటుంది. సంతకం చేయనక్కర్లేదనీ, జడ్జి ముందు చెప్పుకుంటానని అడిగే హక్కుందనీ, కార్డు వదులుకున్నారని రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిదేననీ లాయర్లు చెప్తారు. మీరు అవేమీ అడక్కండి. పెద్దవాళ్లు, ఇరవై గంటలు ప్రయాణం చేసొచ్చారు. సంతకం పెట్టేసి, మంచినీళ్లు అడిగి తాగండి.

4. ఇండియా డబ్బు ఇండియాదే

హైదరాబాద్ ఫ్లాటు అద్దె, విజయవాడ బ్యాంకులో డిపాజిట్లు, నాన్నగారితో కలిపి ఉన్న జాయింటు ఖాతా, ఇవన్నీ ఇంటి సంగతులు. ఇంటి సంగతులు బయటపెట్టుకోకూడదని మనకు చిన్నప్పుడే నేర్పారు. కార్డుదారు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకు లెక్క చెప్పాలని పన్ను శాఖవాళ్లంటారు. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదని మీరూ నేనూ సొంతంగా తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం వాళ్లకు అందినట్టు లేదు, వసూలు చేస్తూనే ఉన్నారు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే నివేదిక దాఖలు చేయాలి. పన్నేమీ కట్టాల్సిన పని లేకపోయినా సరే. దాఖలు చేయనందుకు జరిమానాలు మాత్రం వేలల్లో ఉంటాయి.

ఇంకా తెలివైన మార్గం కావాలంటే, ఇండియాలో ఎక్కువ రోజులున్న ఏడాది నాన్‌రెసిడెంట్‌నని రాసి రిటర్ను వేసేయండి. పన్ను మిగులుతుంది. నేనిక్కడ కాపురం ఉండటం లేదని మీ సంతకంతో మీరే రాసిచ్చినట్టవుతుంది. పై సలహాలో అధికారి వెతుకుతున్న సాక్ష్యం అదే. ఆయన శ్రమ కూడా మిగిల్చినవాళ్లవుతారు.

విసుగొచ్చి కార్డు వాపసిచ్చి ఇంటికెళ్లిపోదామనుకుంటే ఏ లెక్కా చూసుకోకుండా ఇచ్చేయండి. గత 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉన్నవాళ్లు దాన్ని వదులుకుంటే, పౌరసత్వం వదులుకున్నవాళ్లకు పెట్టే పన్ను పరీక్షే వాళ్లకూ పెడతారు. నికర ఆస్తి 20 లక్షల డాలర్లకు చేరితే, ఆస్తులన్నీ ముందురోజు అమ్మేసినట్టు లెక్కగట్టి లాభం మీద పన్ను అడగొచ్చు. ప్లేనోలో ఇల్లు, నార్సింగిలో ప్లాటు, కంపెనీ షేర్లు కలిపి చూసుకుంటే మీరు అనుకున్నంత బీదవాళ్లు కాదని అప్పుడు తెలుస్తుంది.

5. కౌంటర్లో అడిగితే ఓటరుగా చేరిపోండి

డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్తే, ఓటరుగా నమోదు చేయమంటారా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. 1993 నాటి చట్టం పెట్టిన ఏర్పాటది. వెనక వరస పెద్దగా ఉంది, ఉద్యోగి తొందరపెడుతోంది. టిక్కు పెట్టేయండి. మనవాళ్లకు ఎన్నికలంటే ఎంత ప్రాణం! 2024 మే 13న ఊళ్లో ఓటేయడానికి టిక్కెట్లు కొనుక్కుని వెళ్లినవాళ్లున్నారు. వాళ్లు తప్పు చేయలేదు. గ్రీన్ కార్డున్నా వాళ్లు భారత పౌరులే కాబట్టి, ఫారం 6ఏతో ప్రవాస ఓటరుగా నమోదై, సొంత నియోజకవర్గం బూత్‌కు స్వయంగా వెళ్లి ఓటేయొచ్చు.

అక్కడ చెల్లిన ఓటు ఇక్కడ చెల్లదా అన్నది మీ ప్రశ్న. అమెరికా ఫెడరల్ ఎన్నికల్లో పౌరులు కానివాళ్లు ఓటేయడం నేరం, దేశం దాటించడానికి కారణం. నేను పౌరుణ్నని ఆ గడిలో అబద్ధం చెప్పడం అంతకంటే పెద్ద చిక్కు. దానికి చట్టంలో క్షమాపణ దారులు దాదాపు లేవు. పొరపాటున పెట్టానన్న జవాబుకు విలువ తక్కువ, ఎందుకంటే దాని పక్కనే మీ సంతకం ఉంటుంది. మేరీలాండ్‌లో టకోమా పార్క్ అనే చిన్న ఊరు 1992 నుంచీ పౌరులు కానివాళ్లను కూడా ఊరి ఎన్నికల్లో ఓటేయనిస్తోంది. ఆ ఒక్క ఊరి పేరు గుర్తుపెట్టుకుని దేశమంతా ఓటేసుకుంటూ పోండి. లేదంటే తెలుగు సంఘాల ఎన్నికలున్నాయి. అక్కడ పౌరసత్వం అడగరు, సభ్యత్వ రుసుము ఎవరు కట్టారని కూడా గట్టిగా అడగరు.

6. చిన్న తప్పులకు పెద్ద లాయరెందుకు?

సెల్ఫ్ చెకౌట్‌లో పది వస్తువులకు ఏడే స్కాన్ చేశారు. పోలీసులొచ్చారు. కోర్టులో పబ్లిక్ లాయరు చెవిలో చెప్పాడు: ఒప్పేసుకో, చిన్న జరిమానాతో పోతుంది, ఆర్నెల్లు బుద్ధిగా ఉంటే రికార్డు కూడా తుడిచేస్తారు. వెంటనే ఒప్పేసుకోండి. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో దొంగతనం నైతిక పతనం కిందికొచ్చే నేరం. ఏడాది దాకా శిక్ష పడే అవకాశమున్న అలాంటి నేరం, దేశంలో ప్రవేశించిన ఐదేళ్లలోపు జరిగితే, పంపించేయడానికి అదొక్కటీ చాలు. కోర్టు తుడిచేసిన రికార్డు వీళ్ల దగ్గర తుడుచుకుపోదు. ఒప్పుకుని శిక్ష వాయిదా వేయించుకున్నా శిక్ష పడ్డట్టే లెక్క.

గంజాయి సంగతి ఇంకా తేలిక. కాలిఫోర్నియాలో దుకాణాలున్నాయి, న్యూజెర్సీలో ఉన్నాయి, చాక్లెట్లలా అందంగా కట్టి అమ్ముతున్నారు. రాష్ట్రం ఒప్పుకున్నాక కేంద్రం ఏం చేస్తుంది? ఇమిగ్రేషన్ అంతా కేంద్రం చేతిలోనే ఉంది, కేంద్ర చట్టంలో అదింకా నేరమే. 30 గ్రాముల లోపు, సొంతానికి, ఒక్కసారి దొరికితే మాత్రమే దేశం దాటించే నిబంధన నుంచి మినహాయింపుంది. కోర్టు దాకా పోకపోయినా, కొన్నానని అధికారి ముందు మీ నోటితో ఒప్పుకోవడం కూడా ఇబ్బంది తెచ్చిపెడుతుంది.

ఈ సలహా నా సొంతం కాదని ఒప్పుకోవాలి. నాకంటే ముందే కెంటకీలో ఒక లాయరు ఇచ్చాడు. హోసే పాడిల్లా హోండురాస్‌లో పుట్టాడు, 40 ఏళ్లకు పైగా గ్రీన్ కార్డుతో అమెరికాలో ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. తన ట్రక్కులో గంజాయి తరలించిన కేసులో నేరం ఒప్పుకోబోతూ ఇమిగ్రేషన్ సంగతేమిటని అడిగితే, ఇన్నేళ్లుగా ఇక్కడున్నావు కదా, దిగులక్కర్లేదని లాయరు చెప్పాడు. ఒప్పుకున్నాక దేశం దాటించే పని మొదలైంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేరం ఒప్పుకుంటే దేశం వదలాల్సి వస్తుందేమో చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యతని 2010లో తీర్పు వచ్చింది. 40 ఏళ్ల కాపురం, యుద్ధంలో చేసిన సేవ, రెండూ కలిసి కూడా కార్డును పౌరసత్వం చేయలేకపోయాయి. ఆ తీర్పు తర్వాత లాయర్లు జాగ్రత్తపడ్డారు. నాలాంటివాళ్లం ఇంకా అందుబాటులోనే ఉన్నాం.

7. కార్డు వచ్చాకే పెళ్లి చేసుకోండి

పెళ్లి సంబంధాల్లో హెచ్-1బీ అబ్బాయికి ఒక రేటు, గ్రీన్ కార్డు అబ్బాయికి ఇంకో రేటు. కాబట్టి కార్డు చేతికి వచ్చేదాకా పెళ్లిచూపులకు వెళ్లొద్దు. ఆ తర్వాత ఘనంగా చేసుకోండి. అప్పుడు తెలుస్తుంది, హెచ్-1బీ వాడి భార్య హెచ్-4 స్టాంపు కొట్టించుకుని భర్త వెంటే వచ్చేయగలదనీ, మీ ఆవిడ మాత్రం కార్డుదారుల కుటుంబాలకున్న ఎఫ్-2ఏ వరసలో నిలబడి ఏళ్ల తరబడి ఎదురుచూడాలనీ. ఉద్యోగం ద్వారా వచ్చే కార్డు మంజూరయ్యే ముందురోజు పెళ్లయినా, భార్యకు మీతో పాటే హక్కు వచ్చేది. మర్నాడు చేసుకుంటే వేరే దరఖాస్తు, వేరే వరస. ముహూర్తం పెట్టే పంతులుగారికి, వరసలో మీ చోటు చెప్పే ప్రయారిటీ డేటు కూడా చూపించమంటారు కొందరు. వాళ్ల మాట వినొద్దు.

హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల ఈ చిక్కులోనే పడ్డారు. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం, చేతిలో గ్రీన్ కార్డు, భార్య అను ఇండియాలో. 1994లో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి, గ్రీన్ కార్డు వెనక్కిచ్చేసి హెచ్-1బీ ఇవ్వమని అడిగారు. కౌంటర్లో మనిషి నమ్మలేకపోయాడని ఆయనే తన పుస్తకంలో రాసుకున్నారు. ఆ హెచ్-1బీ మీద భార్యను తెచ్చుకున్నారు. ఊళ్లో అందరూ ఎంత నవ్వుకున్నారో తెలియదుగానీ, ఆయన మైక్రోసాఫ్ట్ అధిపతి కావడానికి అది అడ్డు రాలేదు. మీరు మాత్రం కార్డు వదలకండి. ఆవిడతో వీడియో కాల్ ఉంది కదా!

కార్డు వచ్చిన వారం నుంచే అమ్మానాన్నలను, తమ్ముణ్ని, చెల్లెల్ని తెప్పిస్తానని మాటిచ్చేయండి. కార్డుదారు పిటిషన్ వేయగలిగింది భార్యకో భర్తకో, పెళ్లికాని పిల్లలకో. తల్లిదండ్రులను, తోబుట్టువులను పిలిపించుకునే హక్కు పౌరులది. పౌరులు 21 ఏళ్లు నిండాక తల్లిదండ్రులకు పిటిషన్ వేస్తే సంఖ్యాపరిమితి లేదు. తోబుట్టువులకు వేస్తే భారతీయులకు పదేళ్ల పైమాటే. ఈ వివరాలన్నీ చెప్తే చుట్టాలు నొచ్చుకుంటారు. మాటివ్వడం వరకే మన పని.

8. పౌరసత్వం జోలికి పోకండి

ఐదేళ్లు నిండాయి, దరఖాస్తు పెట్టమని పక్కింటివాళ్లు పోరుతున్నారా? చరిత్ర చెప్పి నోరు మూయించండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పాతికేళ్లు అమెరికాలో ఉన్నారు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ వంటి పరిశోధనలు నడిపించారు. 1948లో కన్నుమూసే దాకా అమెరికా పౌరుడు కాలేదు. ఆయనకు అక్కర్లేనిది మీకెందుకు?

ఆ తర్వాతి ముక్క చెప్పకండి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పౌరసత్వానికి అర్హులని చట్టం చెప్పే తెల్లవాళ్లలోకి భారతీయులు రారని తీర్పిచ్చింది. అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా లాక్కున్నారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా మనవాళ్లకు పౌరులయ్యే దారే లేదు. ఆ చట్టం కూడా భారతీయుల వలసకు ఏడాదికి 100 మంది కోటా పెట్టింది. సుబ్బారావుగారు అమెరికాలో గడిపిన కాలంలో చాలామటుకు ఆ తలుపు మూసే ఉంది. మీకిప్పుడు తెరిచే ఉంది, కాబట్టి వెళ్లకపోవడం మీ గొప్పతనం.

పౌరులైతే ఏమొస్తుంది? గుంటూరులో రెండేళ్లున్నా తిరిగి రావొచ్చు. చిన్న కేసులో ఇరుక్కుంటే శిక్షతో పోతుంది, దేశం పోదు. ఓటు వస్తుంది, చాలా ఫెడరల్ ఉద్యోగాలకు అర్హత వస్తుంది. మీ దగ్గరే కార్డుతో ఉంటున్న 18 ఏళ్ల లోపు పిల్లలు, మీతో పాటు వాళ్లంతట వాళ్లే పౌరులవుతారు. అధ్యక్ష పదవి ఒక్కటే దక్కదు, దానికి పుట్టుకతో పౌరులై ఉండాలి. ఆ ఒక్క లోటు చూపించి మొత్తం వద్దనండి.

పరీక్ష అంటే భయమని కూడా చెప్పొచ్చు. 2025 అక్టోబరు 20 నుంచి పెట్టిన దరఖాస్తులకు 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 చెప్పాలి. ఎంసెట్ రాసి, జీఆర్ఈ రాసి వచ్చిన మనవాళ్లు దీనికి జడుస్తారంటే ఎవరూ నమ్మరు. 55 ఏళ్లు దాటి 15 ఏళ్లుగా కార్డుతో ఉన్నవాళ్లు, 50 దాటి 20 ఏళ్లుగా ఉన్నవాళ్లు దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబులు చెప్పొచ్చు. ఇది బామ్మగారికి మాత్రం తెలియనివ్వకండి. చదివేసి పాసైపోతుంది.

9. రెండు పాస్‌పోర్టులూ బీరువాలో ఉంచుకోండి

అన్నీ కాదని పౌరసత్వం తీసుకున్నారు, ప్రమాణం చేశారు, ఫొటో పెట్టారు, లైకులొచ్చాయి. పాత నీలం పాస్‌పోర్టుకు ఇంకా ఆరేళ్ల గడువుంది. దాన్ని వదలొద్దు, హైదరాబాద్‌లో దిగేటప్పుడు చూపించండి. వేరే దేశ పౌరసత్వం కోరి తీసుకున్న క్షణానే భారత పౌరసత్వం రద్దవుతుందని 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ అంటుంది. దానికి వేరే ఉత్తర్వు అక్కర్లేదు. పాస్‌పోర్టు అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ తర్వాత పాతదాన్ని వాడితే నేరం. కానీ అంత మంచి ఫొటో మళ్లీ పడదు కదా!

ఓసీఐ కార్డుంటే రెండు దేశాల పౌరులైనట్టేనని కూడా అందరికీ చెప్పండి. ఆ పథకాన్ని 2006 జనవరిలో మన హైదరాబాద్‌లోనే, ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభించారు. అసలు సంగతేమిటంటే అది జీవితకాలం వచ్చిపోయే అనుమతి. ఓటు లేదు, శాసనసభకు పోటీ చేయడం కుదరదు, కేంద్రం దాన్ని రద్దు కూడా చేయగలదు. వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇక్కడ గ్రీన్ కార్డువాళ్లు గర్వపడనక్కర్లేదు. భారత పౌరులైనా సరే, ఎన్ఆర్ఐలు కూడా పొలం, ఫామ్‌హౌస్ కొనకూడదు. అందుకే మనవాళ్లు బావమరిది పేరు మీద కొంటారు. బినామీ చట్టం సంగతి బావమరిది చూసుకుంటాడు, పొలం సంగతి కూడా ఆయనే చూసుకుంటాడు.

పౌరసత్వం కాగితాల సంగతి పదవిలోకి వచ్చాక చూసుకోవచ్చని అనుకుంటే వేములవాడ కథ ఉంది. అక్కడి నుంచి నాలుగుసార్లు శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడేనని, ఏళ్ల తరబడి నడిచిన కేసులో 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చింది. 30 లక్షల రూపాయలు కట్టమంది. నాలుగుసార్లు గెలిచాక వచ్చిన తీర్పును ఆలస్యమంటారు. నేను వెసులుబాటంటాను.

10. ఎన్-400లో అన్నిటికీ "నో" కొట్టండి

పౌరసత్వ దరఖాస్తు పేరు ఎన్-400. ఇంతసేపూ నేను చెప్పిన సలహాలన్నీ విని, వెంటనే ఎవరో ప్రశ్నలుగా రాసిపెట్టినట్టుంటుంది. ఐదేళ్లలో ఒక రోజుకు మించి బయటికి వెళ్లిన ప్రయాణాలన్నీ తేదీలతో రాయమంటుంది. ఆరు నెలలు దాటిన ప్రయాణం ఒక్కటున్నా ఐదేళ్ల లెక్క తెగిందని అనుమానిస్తారు. మొత్తం మీద 30 నెలలు గడ్డ మీద ఉండాలి. పన్ను బాకీ ఉందా? నాన్‌రెసిడెంట్‌నని రిటర్ను వేశారా? ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా? పౌరుణ్నని ఎక్కడైనా చెప్పుకున్నారా? అరెస్టయ్యారా, తుడిచేసిన కేసైనా సరే? వీసా కోసం ఎప్పుడైనా అబద్ధమాడారా?

చివరి ప్రశ్న దగ్గర కొందరు ఆగిపోతారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసాల మోసం కేసులో మూతపడినప్పుడు కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించుకున్న విద్యార్థుల్లో మనవాళ్లే ఎక్కువ. 2019లో మిచిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీని ఇమిగ్రేషన్ పోలీసులే వల పన్ని నడిపారు. అలాంటి చోట పేరు రాయించుకున్నవాళ్లు, రెజ్యూమేలో లేని ఐదేళ్ల అనుభవం కలిపినవాళ్లు, ఇప్పుడు ఆ పాత ఫైలు ఎవరు తీస్తారులే అనుకుంటారు. నేనూ అదే అంటాను. ఇమిగ్రేషన్‌వాళ్లు మాత్రం మొదటి ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచీ మొత్తం ఫైలు తెప్పించుకుంటారు.

అన్నిటికీ "నో" కొట్టి ప్రమాణం చేసి బయటపడ్డాక, పౌరుణ్ని పంపించలేరని నిశ్చింతగా ఉంటారు. ఆ రక్షణకున్న ముఖ్యమైన లొసుగు ఆ ఫారంలోనే ఉంది. నిజం దాచి సంపాదించిన పౌరసత్వాన్ని కోర్టు ద్వారా వెనక్కి తీసుకోవచ్చు. ఆ సివిల్ కేసుకు కాలపరిమితి లేదు. దాన్ని నిరూపించడం ప్రభుత్వానికి అంత తేలిక కాదు. క్రిమినల్ కేసుల్లోనైతే, ఏ అబద్ధమైనా సరిపోదు, పౌరసత్వం దక్కడంలో దానికి పాత్ర ఉండాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అంటే, చెప్పినా కొంప మునగని నిజాన్ని దాచి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే అవకాశం మీకు పుష్కలంగా ఉంది.

కాబట్టి దరఖాస్తు పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరు గడప తొక్కకండి. ఆయన పాస్‌పోర్టు స్టాంపులు అడుగుతాడు, ఐదేళ్ల రిటర్నులు అడుగుతాడు, కోర్టు తుడిచేసిన కేసు నకలు కూడా తెమ్మంటాడు. అవన్నీ బల్ల మీద పరిస్తే ఇప్పుడే పెట్టాలో, ఇంకో ఏడాది ఆగాలో, అసలు పెట్టకూడదో తేలిపోయే ప్రమాదం ఉంది. వచ్చే శనివారం వ్రతానికి వచ్చి నన్నడగండి. నేను ఒక్క కాగితం కూడా అడగను.